పదిహేడో కేబుల్ దగ్గర

ఎద్దు అరవలేదు.

గోడ్లోజా పెద్దాయన ఈటె మొన దాని డొక్కకి ఆనించి ఒకసారి పొడిచాడు. అది చర్మం జలదరించి ఊరుకుంది. రెండోసారి కాస్త గట్టిగానే పొడిచాడు. తల తిప్పి, ఏమిటయ్యా నీ గోల అన్నట్టు ఆయన వంక చూసింది. దొడ్లో ఉన్న నలభైమంది మగాళ్ళూ ఊపిరి బిగబట్టారు. కంచె అవతల ఆడవాళ్ళు పాట మధ్యలోనే ఆపేశారు.

"గొంతు పట్టేసిందేమో దానికి, రాత్రి మంచు పడిందిగా," అన్నాడెవడో వెనకనుంచి. ఒకరిద్దరు నవ్వబోయి, పెద్దాయన మొహం చూసి మూతులు బిగించుకున్నారు.

ఎద్దు అరిస్తేనే కదా పని జరిగినట్టు! చచ్చిపోయినవాడు ఇల్లు చేరాడనీ, పాతతరాలవాళ్ళు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నారనీ ఆ అరుపే చెప్పాలి. అరిస్తే జనమంతా "ఒప్పుకున్నారు!" అని ఒక్క పెట్టున కేక వేస్తారు. ఇక కోతా, వంటా, కుండలకొద్దీ జొన్న బీరూ, పొద్దు వాలేదాకా పాటలూ. అరవకపోతే ఆ మాంసం ఉత్త మాంసమే. దాన్ని ఏ మొహంతో తింటారు?

గోడ్లోజా ఈటె దించేశాడు. దొడ్డి మధ్యకి నడిచి నేల వంక చూస్తూ పిలిచాడు. "లుతాండో! తమ్ముడి కొడకా! నీకోసమేరా ఇదంతా. మీ అమ్మ ఏడాదిన్నర తన నోరు కట్టుకుని మేపిన ఎద్దురా ఇది. ఎక్కడున్నావు? ఏం తక్కువైంది నీకు?"

మూడోసారి పొడిచాడు. ఎద్దు తోక ఎత్తి పేడ వేసింది.

కంచెకి ఆనుకుని కూర్చున్న జోలిలే ఆ మాట విన్నాడు. ఎక్కడున్నావని అడుగుతున్నారు. ఎక్కడున్నాడో ఆ దొడ్లో తెలిసినవాడు తనొక్కడే.  లేచి నిలబడి చెప్పేద్దామనుకున్నాడు. లేచాడు కూడా. లేచి, ఒంటికి వెళ్ళే నెపంతో బయటికి నడిచి, అటునుంచటే ఇంటికి వెళ్ళిపోయాడు. అదీ వాడి మగతనం.

లుతాండో, జోలిలే ఒక్క ఈడువాళ్ళు. ఒక్క కొండ మీద పశువుల్ని కాశారు. ఒక్క చలికాలంలో, ఒక్క గుడిసెలో, ఒంటికి తెల్ల సుద్ద పూసుకుని మగాళ్ళయ్యారు. లుబాలా లోయ మీద వంతెన కడుతున్నారని తెలిసిన రోజున ఇద్దరూ కలిసే వెళ్ళి వరసలో నిలబడ్డారు. ఆ వంతెనని మీరు చూసే ఉంటారు. అటు కొండ మీద ఒక స్తంభం, ఇటు కొండ మీద ఒక స్తంభం, వాటినుంచి వేలాడే కేబుళ్ళు, వాటిని పట్టుకుని గాలిలో నిలబడ్డ రోడ్డు. కింద నది తెల్లటి దారప్పోగులా కనబడుతుంది. దాన్ని పొగిడేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు కాబట్టి నేను పొగడను.

వాళ్ళిద్దరిదీ కేబుళ్ళు బిగించే పని. ఒక్కో కేబుల్లో పదుల కొద్దీ ఉక్కు తీగలు. రోడ్డు అంచున ఉన్న ఇనప పెట్టెలోంచి వాటిని దూర్చి, జాకీ పెట్టి, బిర్రుగా లాగాలి. గాలి మీటరు ఎర్రగీత దాటితే పని ఆపాలి. ఆ రోజు దాటింది. ఆపలేదు. "ఈ ఒక్కటీ బిగించేసి దిగండ్రా," అన్నాడు సూపర్‌వైజరు. అది పదిహేడో కేబుల్. జాకీ మూడొంతులు లాగేసరికి లోపలి తీగ ఒకటి పట్టు జారి, వెనక్కి తన్ని, లుతాండో రొమ్ము మీద కొట్టింది. లోయలో పడలేదు వాడు. నడుముకి రెండు కొక్కేలూ తగిలించుకునే ఉన్నాడు, ఎప్పుడూ తగిలించుకునేవాడు. ఇనప పెట్టె పక్కనే వెల్లకిలా పడ్డాడు. జోలిలే వాడి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

కాయితం మీద మాత్రం ఇంకోలా రాశారు. ఊపిరి ఉండగానే బండెక్కించామనీ, ఆసుపత్రిలో మంచం మీద పోయాడనీ. "వంతెన మీద పోయాడంటే తనిఖీవాళ్ళొచ్చి పనికి తాళం వేస్తారు," అన్నాడు సూపర్‌వైజరు. "రెండొందల కుటుంబాలు పస్తులుంటాయి. వాడెలాగూ పోయాడు. ఎక్కడ పోతే ఏముంది?"

ఆ మాట అన్నవాడు పరాయివాడు, వాడికేం తెలుసు? విన్నవాడికి తెలీదా? పోయిన చోటునుంచి మనిషిని పిలుచుకు రావాలనీ, పిలవకపోతే వాడు అక్కడే తిరుగుతుంటాడనీ పాలు తాగే పిల్లలకి కూడా తెలుసే ఈ దేశంలో! తెలిసీ సంతకం చేశాడు జోలిలే. తనతో సంతకం పెట్టిన మిగతా ఇద్దరూ పని అయిపోగానే వాళ్ళ ఊళ్ళకి పోయారు. జోలిలేకి మాత్రం అదే వంతెన మీద కేబుళ్ళు చూసుకునే పర్మనెంటు ఉద్యోగం వచ్చింది. వెనకా సీట్లున్న ఒక పికప్పు బండి కూడా ఇచ్చారు.

నాలుగోరోజున లుతాండో తల్లి మాన్యావుజా, పోయినవాళ్ళని ఇంటికి తెచ్చే ముళ్ళరేగు కొమ్మ పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. కొమ్మని మంచానికి తాకించి, కొడుకుని పేరు పెట్టి పిలిచి, టాక్సీలో వాడికీ ఒక సీటు కొని, కొమ్మని ఆ సీట్లో ఉంచి తీసుకొచ్చింది. ఊరి మలుపులో ఆమె దిగడం జోలిలే చూశాడు. కొమ్మ తాకించి పిలిచాక, ఇల్లు చేరేదాకా చచ్చిపోయినవాడితో తప్ప ఎవరితోనూ మాట్లాడకూడదు. ఆమె మాట్లాడలేదు. వాడూ టోపీ తీసి తల వంచుకున్నాడు. హమ్మయ్య, ఇక అడిగేవాళ్ళు లేరు అనిపించింది ఆ క్షణాన. ఎంత నీచంగా అనిపించిందో అంత హాయిగానూ అనిపించింది.

ఎద్దు అరవని మర్నాడు, ఆదివారం పొద్దున్నే మాన్యావుజా వాడి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. దుప్పటి కప్పుకుని ఉంది. చంకలో కొత్తగా విరిచిన ముళ్ళరేగు కొమ్మ. 

"తిన్నావా?" అంది.

"లేదు పెద్దమ్మా. కూర్చో, టీ పెడతాను."

"టీ వద్దు. నీ బండి కావాలి. నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళు." ఆమె కళ్ళు వాచి ఉన్నాయి. "తప్పు నాదేరా. రాత్రంతా ఆలోచించాను, దొరికింది. ఆ రోజు వాణ్ణి తెస్తున్నప్పుడు, పాత రోడ్డు మీద, లోయలో దిగే ఆ పాము మలుపుల్లో, డ్రైవరు వెధవ గుడ్డిగా తోలుతున్నాడు. భయమేసి 'మెల్లిగా పోనీ నాయనా' అన్నాను. ఒక్క మాటే. ఆ ఒక్క మాటకే వాడు దిగిపోయి ఉంటాడు. అమ్మ నాతో కాక ఎవడితోనో మాట్లాడుతోందని అలిగి వెనక్కి వెళ్ళిపోయి ఉంటాడు. నాకు తెలుసుగా వాడి అలక."

"పెద్దమ్మా, అలా ఏం కాదు..."

"మరెలా? ఎద్దు ఎందుకు అరవలేదు? నువ్వు చెప్పు!"

జోలిలే తాళాలు తీసుకున్నాడు.

"నీ బండయితే నయం," అంది ఆమె ఎక్కుతూ. "ఎవరితోనూ నోరు విప్పే పని ఉండదు. నువ్వు వాడి ప్రాణ స్నేహితుడివి. నీ బండిలో వాడు బుద్ధిగా కూర్చుంటాడు."

ఆసుపత్రి లోయకి అవతల ఉంది. మూడు నెలల కింద వంతెన తెరిచారు కాబట్టి ఇప్పుడు పాము మలుపులు దిగక్కర్లేదు. నేరుగా వంతెన మీదనుంచే. ఇరవై నిమిషాల్లో వంతెన వస్తుంది. ఆ ఇరవై నిమిషాలూ జోలిలే చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంటూనే ఉన్నాడు. పళ్ళ దుకాణం దాటాక చెబుదామనుకున్నాడు. దాటింది. స్కూలు దాటాక అనుకున్నాడు. అదీ దాటింది. మాన్యావుజా పక్కన కూర్చుని, ఎదర జరగాల్సినవి తనలో తనే చెప్పుకుంటోంది. "మంచం అదే ఉంటుందో మార్చేశారో. కిటికీ పక్కది. నర్సుని అడగాలి. కొమ్మ తాకించకముందే అడగాలి, తర్వాత మాట్లాడకూడదు కదా."

వంతెన ఎక్కారు. గాలి బండిని పక్కకి తోసింది. తెల్లటి కేబుళ్ళు ఒక్కొక్కటే అద్దం పక్కనుంచి వెనక్కి పోతున్నాయి. జోలిలేకి వాటి నంబర్లు బోర్డు చూడకుండానే తెలుసు. పది. పదకొండు. ఆగకుండా వెళ్ళిపోతే ఏం? ఆసుపత్రికి వెళ్తుంది, ఖాళీ మంచాన్ని పిలుచుకుంటుంది, మళ్ళీ ఎద్దుని కొంటుంది. అది అరవదు. మళ్ళీ తనలోనే ఏదో తప్పు వెతుక్కుంటుంది. పధ్నాలుగు.

"ఇంత ఎత్తునా?" అంది మాన్యావుజా, కిటికీలోంచి కిందకి చూసి కళ్ళు మూసుకుని. "ఓరి నాయనో! ఇక్కడ నిలబడి పని చేశార్రా మీరు? నాతో ఎప్పుడూ చెప్పలేదే వాడు. 'మామూలు రోడ్డు పనే అమ్మా' అనేవాడు. నాయనా, వాడు పని చేసిన చోటేదో చూపించవూ? వెళ్తూ వెళ్తూ ఒక్కసారి చూస్తాను."

జోలిలే కాలు దానంతటదే బ్రేకు తొక్కింది.

బండిని అంచుకి ఆపాడు. అక్కడ ఎవరూ ఆపకూడదు. వెనకనుంచి లారీ ఒకటి హారన్ వాయించుకుంటూ, డ్రైవరు తిట్టుకుంటూ పోయింది. జోలిలే స్టీరింగు వదల్లేదు. ఎదురుగా అద్దం వంకే చూస్తూ అన్నాడు.

"ఆసుపత్రికి వెళ్ళక్కర్లేదు పెద్దమ్మా. వాడు అక్కడ పోలేదు. ఇక్కడ పోయాడు. బండి వచ్చేసరికే పోయాడు. నా ఒళ్ళో."

ఆమెకి అర్థం కాలేదేమోననుకున్నాడు. "బతికుండగా బండెక్కించామని రాయించారు. రాయకపోతే పని మూసేస్తారన్నారు. నేను... సంతకం చేశాను."

"చేశావు."

"చేశాను."

"ఆ మంచాన్ని నా కొంగుతో తుడిచాన్రా," అంది మాన్యావుజా. గొంతు చాలా మామూలుగా ఉంది, అందుకే వాడికి భయమేసింది. "దుప్పటి ఎత్తి, కొమ్మ పెట్టి, 'లే నాన్నా, ఇంటికి పోదాం' అన్నాను. పక్క మంచం మీదావిడ నన్ను చూసి ఏడ్చింది. ఎవరితో మాట్లాడాన్రా నేను? టాక్సీలో ఎవరికి సీటు కొన్నాను? ఏడాదిన్నరగా వాడి మూలలో రోజూ బీరు పోసి పెడుతున్నాను, అదెవరు తాగారు? నువ్వు చూస్తూ ఉన్నావు. మలుపులో టోపీ తీసి నిలబడ్డావు!"

"పెద్దమ్మా..."

"నోరుముయ్. దిగు. ఇక్కడా అక్కడా అని కాదు, వేలు పెట్టి చూపించు."

దిగారు. గాలికి ఆమె దుప్పటి ఎగిరిపోబోతే జోలిలే పట్టుకోబోయాడు. ఆమె వాడి చెయ్యి విదిలించేసింది. పదిహేడో కేబుల్ ఇనప పెట్టె దగ్గరికి తీసుకెళ్ళాడు. ప్రతివారం బోల్టులు చూడ్డానికి వచ్చినప్పుడు తన చెయ్యి ఆన్చి వెళ్ళే చోటు అది. వంగి, తారు మీద జానెడు మేర వేలితో గీశాడు. "తల ఇక్కడ. కాళ్ళు అటు."

ఇంతలో గస్తీ బండి పసుపు దీపం తిప్పుకుంటూ వచ్చింది. అందులోంచి బొద్దుగా ఉన్న గార్డు దూకినట్టే దిగాడు. "ఏయ్! బుద్ధుందా మీకు? ఫోటోలకి వేరే చోటు లేదూ? ఆపరాదని అంతంత బోర్డులు పెడితే..." జోలిలేని గుర్తుపట్టి ఆగాడు. "నువ్వా? ఇవాళ ఆదివారం కదయ్యా, నీకేం పని?" అప్పుడు ముసలామె చేతిలో కొమ్మ చూశాడు. టోపీ తీసేశాడు.

"ఎవరికోసం?" అన్నాడు గొంతు తగ్గించి.

"లుతాండో."

"ఆసుపత్రిలో పోయాడన్నారే?"

జోలిలే ఆమె వంక చూశాడు. ఆమె వాడి వంకే చూస్తోంది, ఏమంటాడో విందామని.

"కాదు," అన్నాడు. "ఇక్కడే పోయాడు. అప్పుడు అబద్ధం చెప్పాం."

గార్డు వెళ్ళి, బండిలోంచి ఎర్రటి కోన్లు తీసి రోడ్డు మీద వరసగా పేర్చి, వచ్చే బండ్లని చేత్తో పక్క వరసలోకి మళ్ళించడం మొదలుపెట్టాడు.

మాన్యావుజా మోకాళ్ళ మీద కూర్చుంది. తన మగడి వంశంలో పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే వరసగా చెప్పింది. కొమ్మ తారుకి ఆన్చింది. "లుతాండో! నేన్రా, అమ్మని. ఆలస్యమైంది, కోప్పడకు. నాకెవరూ చెప్పలేదు. లే నాన్నా. ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది. ఇంటికి పోదాం."

కొమ్మ ఎత్తి రెండు చేతులతో పట్టుకుంది. ఇక ఆమె ఎవరితోనూ మాట్లాడదు. బండి దగ్గరికి వచ్చి, ముందు సీట్లో కొమ్మని పెట్టి, దాని మీదుగా బెల్టు లాగి తగిలించింది. తను వెనక సీట్లో కూర్చుంది. గార్డు రెండు పక్కలా బండ్లని ఆపి, వెనక్కి తిప్పుకోవడానికి దారి ఇచ్చాడు.

"లుతాండో, వంతెన మీదున్నాం," అంది వెనకనుంచి. "కింద నది. కిందకి చూడకు, నీకు అలవాటేనేమో గానీ నాకు కళ్ళు తిరుగుతున్నాయి." వంతెన దిగాక, "అదిగో, గట్టు ఎక్కాం. నది మీదనుంచి వచ్చేశాం నాన్నా, వస్తున్నావా?"

జోలిలే ఒళ్ళంతా చెవులు చేసుకుని తోలుతున్నాడు. స్కూలు దాటాక ఆమె మళ్ళీ మొదలుపెట్టింది.

"బండి తోలేది ఎవరో చూశావా? జోలిలే. నువ్వెక్కడున్నావో తెలిసి నాకు చెప్పనివాడు. నీతోపాటు నా చేతి ముద్ద తిన్నవాడు. వీణ్ణి ఇప్పుడు తిట్టాలని ఉంది నాకు. చెంప పగలగొట్టాలని ఉంది. కానీ కొమ్మ ఇంకా ఇల్లు చేరలేదే, వీడితో మాట్లాడకూడదు. ఇల్లు చేరేదాకా బతికిపోయాడు." ఊపిరి పీల్చుకుంది. "రేపు పొద్దున్నే వీణ్ణి స్టేషనుకి తీసుకెళ్తాను నాన్నా. ఆ కాయితం అబద్ధమని వీడి నోటితోనే చెప్పిస్తాను. ఉద్యోగం పోతుంది. పోనీ. బండి లాక్కుంటారు. లాక్కోనీ. లోపల వేస్తే వేస్తారు. ఏడ్చాడంటే ఏడవనీ. నీకు జాలేస్తే నువ్వే వీడితో మాట్లాడు. నాకైతే రావడం లేదు."

వాడు నిజంగానే ఏడుస్తున్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి స్టీరింగు వదిలితే ఆమె భయపడుతుందని తుడుచుకోలేదు. మలుపుల్లో మెల్లిగా పోనిచ్చాడు, ఆమె నోరు విప్పే అవసరం రాకుండా.

ఊరు చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. దొడ్డి దగ్గర గోడ్లోజా ఒక్కడే పీట వేసుకుని కూర్చున్నాడు. ఎద్దు ఇంకా అక్కడే గుంజకి కట్టేసి ఉంది. వదలాలో కొయ్యాలో ఎవరికీ తోచలేదు. కొమ్మతో వస్తున్న మాన్యావుజాని చూసి ఆయన లేచాడు. ఇరుగుపొరుగు మెల్లిగా పోగయ్యారు. జోలిలే కంచె బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. అన్నా వెళ్ళేవాడు కాదు.

ఆమె కొమ్మని దొడ్డి మధ్యలో నేల మీద పెట్టింది. "వచ్చేశాం నాన్నా. ఇదే మనిల్లు."

గోడ్లోజా ఈటె అందుకున్నాడు. మొన డొక్కకి ఇంకా పూర్తిగా ఆననే లేదు. ఎద్దు మెడ చాచి అరిచింది. ఎంత అరుపు! ఎదర కొండకి తగిలి తిరిగొచ్చింది. "ఒప్పుకున్నారు!" అని జనమంతా కేక పెట్టారు. ఆడవాళ్ళు నిన్న సగంలో ఆపిన పాట అందుకున్నారు. నిన్న జోకు వేసినవాడే గోడ్లోజాని పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. జోలిలే కంచె కర్ర పట్టుకుని కూలబడ్డాడు.

కాసేపటికి మాన్యావుజా జనంలోంచి బయటికి వచ్చింది. ఇప్పుడామె ఎవరితోనైనా మాట్లాడొచ్చు. జోలిలే లేచి నిలబడ్డాడు, ఏమన్నా పడదామని. ఆమె తిట్టలేదు. దారంతా కడుపులో పెట్టుకుని తెచ్చిన ప్రశ్నలా ఉంది, దగ్గరికొచ్చి అడిగింది.

"వాడు నన్ను పిలిచాడా?"

 పిలిచాడు పెద్దమ్మా, అమ్మా అన్నాడు అనేస్తే సరి. ఎంత తేలిక ఆ మాట! ఎవరికి నష్టం? ఆమె ఆ ఒక్క మాట పట్టుకుని మిగిలిన రోజులు వెళ్ళదీస్తుంది. ఆమె కళ్ళు ఆ మాటే అడుక్కుంటున్నాయి.

"లేదు పెద్దమ్మా," అన్నాడు. "పిలవలేదు. 'జాకీ ఆపారా?' అని అడిగాడు. ఆపేశామన్నాను. మళ్ళీ 'జాకీ ఆపారా?' అన్నాడు. అంతే. ఇంకేమీ అనలేదు."

ఆమె మొహం ఒక్కసారిగా వాడిపోయింది. కంచె మీద చెయ్యి వేసి నిలదొక్కుకుంది. దొడ్లోంచి పాట వినబడుతోంది. 

"చిన్నప్పట్నుంచీ అంతే వాడు," అంది చివరికి. "పడుకున్నాక కూడా 'పొయ్యి ఆర్పావా అమ్మా?' అనేవాడు. ఆర్పాన్రా అంటే నమ్మకుండా మళ్ళీ అడిగేవాడు."

దుప్పటి అంచుతో ముక్కు తుడుచుకుంది. లోపలికి వెళ్ళబోయి ఆగి, వెనక్కి తిరక్కుండానే అంది.

"రేపు స్టేషన్లో కూడా ఇలాగే చెప్పు. ఒక్క ముక్క కలపకు."